కిటికీ, గీత, రెండు రెక్కలు

మా మరిది తిరుమల ఏ వస్తువునూ ఉత్త పేరుతో పిలవలేడు. చెంబును చెంబు అన్నామంటే అతని ముఖం, ఎవరో పెద్దమనిషిని పట్టుకుని "ఒరేయ్" అన్నట్టు మాడిపోతుంది.

"ఏ చెంబు వదినె? స్టీలుదా, ఇత్తడిదా? ఎన్ని నీళ్లు పడుతయి? ఎవరిది? ఎన్నోది?"

దాహమై చెంబు అడిగిన మనిషికి ఈ సవాళ్లన్నిటికీ జవాబు చెప్పేసరికి దాహమే తీరిపోతుంది.

అతని లెక్క ప్రకారం ప్రతి పేరులో ఆరు ముక్కలు ఉండాలి. మొదట అది ఏమిటి, తర్వాత ఏ తీరుది, దేంతో చేసింది, ఎంత కొలత, ఎవరిది, చివర నంబరు. ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ ఉండకూడదట. కంప్యూటరుకు ఖాళీలు పడవట. ఖాళీ ఉండాల్సిన చోట కింద ఒక అడ్డగీత గీయాలి. రాసేటప్పుడు గీస్తే ఊరుకోవచ్చు, మావాడు మాట్లాడేటప్పుడు కూడా గీస్తాడు.

"చెంబు, గీత, వెడల్పు మూతి, గీత, ఇత్తడి, గీత, లీటరున్నర, గీత, అమ్మది, గీత, సున్నా ఒకటి" అని చదివి అప్పుడు చేతికిస్తాడు.

"సున్నా ఒకటి ఏందయ్యా? మనింట్ల ఇత్తడి చెంబు ఉన్నదే ఒక్కటి."

"నంబరు తప్పనిసరి వదినె. రెండోది ఉన్నదని కాదు. ఉన్న ఒక్కటి లెక్కలకు వచ్చిందని."

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనుండే దుర్గాపూర్ మాది. మా వీధివాళ్లు అతన్ని గీతల తిరుమల అంటారు. అతనికి కోపం రాదు. పేరు సగమే చెప్తున్నారని బాధ, అంతే.

ఇలాంటి మనిషికి అన్నగా పుట్టాడు మా ఆయన ఎల్లన్న. మా మామ బెల్లంపల్లి దిక్కు నుంచి ఇక్కడి బొగ్గుగనిలో పనికి వచ్చినవాడు. కొడుకులిద్దర్నీ గనిలోకి దిగనివ్వనని పట్టుబట్టి, పెద్దవాడి చేతికి బాడిశ, చిన్నవాడి చేతికి పెన్సిలు ఇచ్చాడు. పెన్సిలు పట్టినవాడు చంద్రపూర్‌లో డ్రాయింగు కోర్సు చదివి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బాడిశ పట్టినవాడు ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపులు, కిటికీలు చేశాడు.

మా ఆయన దగ్గర లోకంలోని వస్తువులన్నిటికీ కలిపి ఒకటే పేరు. "అది."

"ఏయ్, అది ఇయ్యి."

"ఏది?"

"అదే."

"ఉలా?"

"అది కాదు. అది."

నేను చేతికందింది ఇచ్చేదాన్ని. చిత్రం, పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా అదే అయ్యేది. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. పద్దెనిమిదేళ్ల కాపురంలో చదివింది మాత్రం ఈ ఒక్క మాటే.

అన్నదమ్ములిద్దరూ అన్నానికి కూర్చుంటే చూడాలి.

"తిరుమలా, అది జరుపు."

"ఏది అన్నా? పచ్చడి, గీత, మామిడికాయ, గీత..."

మూడో గీత గీసేలోపు మా ఆయన చెయ్యి చాపి పచ్చడి వేసుకుని, కలుపుకుని, నాలుగు ముద్దలు మింగేసేవాడు.

ఒక వేసవిలో మా మరిదికి నా వంటింటి మీద కరుణ పుట్టింది. నలభై ఆరు డిగ్రీల ఎండలో కూలరు ముందు కూర్చుని రెండు రోజులు చీటీలు రాసి డబ్బాలన్నిటికీ అంటించాడు. పేరేమో పొడుగు, డబ్బా పొట్టి. చీటీ డబ్బా చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చేది. ముందుకు కనబడేది "వంటసరుకు_తెల్లది_సన్నది_" వరకే. లోపలున్నది ఉప్పో, చక్కెరో, బొంబాయి రవ్వో తెలియాలంటే డబ్బాను వెనక్కి తిప్పాలి.

సరిగ్గా ఆ వారమే అతనికి పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. పిల్ల పేరు వనిత. తండ్రి పోశం, సాస్తి గనిలో పని చేసిన మనిషి. కంగారులో నేను డబ్బా తిప్పలేదు. పోశం మామ చాయ్ ఒక గుక్క తాగి, కప్పు వంక చూసి, నా వంక చూసి, కళ్లు మూసుకుని మిగతాది కూడా తాగేశాడు. పోయేటప్పుడు మా ఆయనను పక్కకు పిలిచి అన్నాడట: "పిల్లగాడు మంచోడు. చాయ్ మాత్రం మా బిడ్డ పెట్టుకుంటది."

వనిత వచ్చిన వారంలోనే ఆ భాష నేర్చేసింది. నేర్చింది తిట్టడానికి.

"మొగుడు, గీత, మొండిరకం, గీత, బండరాయి, గీత, డెబ్బై కిలోలు, గీత, నాది, గీత, సున్నా ఒకటి! అన్నానికి వస్తవా, రావా?"

అతను గుమ్మంలో నిలబడి పాట విన్నట్టు వినేవాడు. "చూసినవా వదినె, ఒక్క ముక్క వరుస తప్పలే."

"సున్నా ఒకటి అన్నందుకు సంబరపడకు" అనేది వనిత. "నంబరు తప్పనిసరి అని పెట్టిన. రెండోన్ని చూస్తలేనని కాదు."

అసలు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్పాలి. చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర ఒక మేడ మీద బాపురావు గారి ఆఫీసు. అక్కడ ఎనిమిది మంది కంప్యూటర్లలో ఇళ్లు కడతారు. గోడలు, మెట్లు, నల్లాలతో సహా బొమ్మ ఇల్లు లేపి పంపిస్తే, దాన్ని చూసి మేస్త్రీలు అసలు ఇల్లు కడతారు. ఒక తలుపును ఒక్కసారి తయారు చేసి, పేరు పెట్టి దాచుకుంటే, వెయ్యి ఇళ్లకు అదే తలుపు వాడుకోవచ్చట. ఇలా దాచిన తలుపులకు, కిటికీలకు, బేసిన్లకు మా మరిది కాపలాదారు.

అతనికి ఆ పని రాకముందు పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకునేవారు. తలుపు. తలుపు కొత్తది. తలుపు ఫైనల్. తలుపు ఫైనల్ రెండు. తలుపు నిజంగా ఫైనల్. తలుపు సార్ అడిగింది. తలుపు సార్ వద్దన్నది. ఒక పెళ్లిళ్ల హాలు పనిలో ఎవరో హడావిడిగా "ఫైనల్ రెండు" నొక్కారు. తీరా చూస్తే హాలు ముఖద్వారానికి బాత్రూం తలుపులు వచ్చి కూర్చున్నాయి. మధ్యలో మసక అద్దం, లోపలి నుంచి చిన్న గొళ్లెం. మొదటి పెళ్లికొడుకు బ్యాండుమేళంతో వచ్చి, తలుపు కొట్టి, "లోపట ఎవరన్న ఉన్నరా?" అని అడగాల్సి వచ్చిందట. ఇది మా మరిది చెప్పిన మాట. ఆఫీసులో ఇంకెవర్ని అడిగినా నవ్వుతారు గానీ కాదనరు.

ఆ మర్నాడే బాపురావు గారు, "తిరుమల్, ఇగ పేర్లు మొత్తం నీ జిమ్మేదారి" అన్నాడు. ఆ మాట వినడానికే పుట్టినట్టు మా మరిది నాలుగు వేల మూడు వందల వస్తువులకు ఆరేసి ముక్కల పేర్లు పెట్టాడు. కొత్తది అనకూడదు, ఫైనల్ అనకూడదు, మనుషుల పేర్లు అసలే పెట్టకూడదు. "ఎవరిది" అన్న ముక్కలో కంపెనీ పేరు రాయాలి. తెలియకపోతే "తెలియదు" అని రాయాలి. పక్క కుర్చీలో పని చేసే షెరిన్ ముచ్చటపడి ఒక బేసిన్ చేసి, దానికి షెరిన్ బేసిన్ అని పేరు పెట్టుకుంటే అదీ తీసేశాడు.

"నీ పేరు నీకుండనీ షెరిన్. బేసిన్‌కు ఎందుకు?"

ఆ పిల్ల పది రోజులు అతనితో మాట్లాడలేదు.

వనితకు బిడ్డ పుట్టినప్పుడు ఉయ్యాలకు అతను రాసి కట్టిన చీటీ ఇది: "శిశువు_ఆడ_మెత్తనిది_2.9కిలోలు_వనితది_01".

నర్సు మంగతాయి మన తెలుగామె. అది చదివి గుండె మీద చెయ్యి వేసుకుంది. "సున్నా ఒకటి ఏందయ్యా? ఇంకోటి లోపట ఉన్నదా?" అని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. వెనక నుంచి మావాడు, "నంబరు తప్పనిసరి సిస్టర్!" అని అరుస్తూ పరుగెత్తాడు.

ఇదంతా మా ఆయన ఉన్నప్పటి మాట.

రెండేళ్ల కింద ఒక పొద్దున మా ఆయన షెడ్డులో నుంచి "అది ఇయ్యి" అన్నాడు. నేను రంపం తీసుకుని వెళ్లేసరికి మనిషి లేడు. గుండె అన్నారు. ఆయన అడిగింది రంపమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

పదకొండో దినం, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే, మా మరిది టేపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మా వంటింటి కిటికీ మా ఆయన చేసింది. అందరి కిటికీలూ నడుము ఎత్తున మొదలవుతాయి. ఇది నేల నుంచి అడుగున్నర ఎత్తులోనే మొదలవుతుంది. నేను కింద కత్తిపీట ముందు కూర్చునే మనిషిని. కూర్చున్న మనిషికి గాలి తగలాలి, వీధి కనబడాలి అని అలా పెట్టాడు. వచ్చినవాళ్లందరూ "తాగి పెట్టిండా ఏంది?" అని నవ్విపోయేవారు.

మా మరిది ఆ కిటికీ ముందు గొంతుకూర్చుని కొలుస్తున్నాడు. ఎత్తు, వెడల్పు, చెక్క మందం, ఊచకూ ఊచకూ ఎడం. కంట్లో ఒక్క చుక్క నీరు లేదు.

"వదినె, అన్న దీన్ని గింత కిందికి ఎందుకు పెట్టిండు?"

"అన్న పోయిండు, నువ్వు కిటికీలకు పేర్లు పెట్టుకుంట కూసో!" అని అతని చేతిలోంచి టేపు గుంజి వాకిట్లోకి విసిరేశాను. అతను వెళ్లి టేపు ఏరుకొచ్చి, మిగిలిన ఒక్క కొలత తీసుకుని వెళ్లిపోయాడు. నెల రోజులు నేను అతనికి అన్నం పెట్టాను గానీ పలకలేదు. తర్వాత పలికాను. ముల్లు మాత్రం లోపల ఉండిపోయింది.

ఇంట్లో అన్నిటికీ పేర్లున్నాయి. "అది" అనేవాళ్లే లేకుండా పోయారు.

ఈ ఏడు బాపురావు గారికి పెద్ద పని దొరికింది. ఉప్పర్వాహి దిక్కున కొత్త కాలనీ, రెండు వందల నలభై ఇళ్లు. పని ఇచ్చింది పుణె కంపెనీ. వాళ్లు ఇళ్ల కొలతల కంటే ముందు, పేర్లు ఎలా పెట్టాలో చెప్పే పుస్తకం పంపారు. నూట నలభై రెండు పేజీలు. కిటికీకి వెడల్పు ముందు రాయాలా, ఎత్తు ముందు రాయాలా అన్నదానికే పదకొండు పేజీలు. చివరికి వాళ్లలో వాళ్లకే కుదరక, "ఈ విషయం ఉపసంఘం పరిశీలనలో ఉన్నది" అని పన్నెండో పేజీ.

మా మరిది తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఆ పుస్తకం చదివాడు. చదివి మురిసిపోయాడు. ఒక్కచోట మాత్రం మనసు విరిగింది. ఆ పుస్తకం ఏ ఫైలులో వచ్చిందో ఆ ఫైలు పేరు చూశాడు: "పేర్ల పుస్తకం ఫైనల్ కొత్తది రెండు." ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఏమైందే వీనికి?" అని వనితను అడిగాను.

"దగ్గరోళ్లు ఎవరో పోయినట్టు కూసుండు అక్కా. పుణెల ఎవలో ఫైనల్ అని రాసిండ్రట."

పుణెవాళ్ల దగ్గర ఒక పరీక్ష ఉంది. మన సామాను పేర్లన్నీ వాళ్ల కంప్యూటరుకు పంపితే అదే చదువుతుంది. పేరు బాగుంటే పచ్చ గుర్తు, తప్పుంటే ఎర్ర గుర్తు. ఒక్క ఎరుపు ఉన్నా పని మొత్తం తిప్పి పంపేస్తుంది. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి షెరిన్ స్కూటీ వేసుకుని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నువ్వు జర ఆఫీసుకు రావాలె. తిరుమలన్న నౌకరి పోయేటట్టున్నది."

"ఏం చేసిండు? ఎవలన్న ఫైనల్ అంటే కొట్టిండా?"

"నవ్వులాట కాదక్కా. అన్ని పేర్లకు పచ్చ వచ్చింది, ఒక్కదానికి ఎరుపు. దాన్ని మార్చుమంటే మార్చనంటుండు. సార్ నాలుగుసార్లు చెప్పిండు. ఐదింటి వరకు మార్చకుంటే రేపటికెల్లి రావద్దన్నడు. నీ మాటన్న ఇంటడని వచ్చిన."

"తిరుమల మార్చనన్నడా? గీత వంకర ఉన్నదంటే అన్నం కాడికెల్లి లేచిపోయి దిద్దొచ్చెటోడు!"

"అదే మాకు సమజైతలేదు."

ఇన్నేళ్లలో నేను ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి. బాపురావు మరాఠీ మనిషే అయినా గనివాళ్ల మధ్య పెరిగి తెలుగు నేర్చినవాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"యా వహినీ, యా... రాండ్రి వదినె, మీరే చూడుండ్రి. ఎనిమిది ఇండ్ల పొయ్యి దీని మీదనే ఉన్నది. ఈయన ఒక్క కిటికీ పట్టుకొని కూసుండు."

తెర నిండా పచ్చ గుర్తుల వరస. మధ్యలో కుంకుమ బొట్టంత ఎరుపు. అక్షరాలు ఇంగ్లీషువి. షెరిన్ వేలు పెట్టి చదివింది.

"కిటికీ, రెండు రెక్కలు, టేకు, పన్నెండు వందలు ఇంటూ పదమూడు వందల యాభై, ఎల్లన్న, సున్నా ఒకటి."

నేను "మళ్ల చదువు" అన్నాను. షెరిన్ మళ్లీ చదవకుండా ఆ పేరు మీద నొక్కింది. తెర మీద మా వంటింటి కిటికీ వచ్చి నిలబడింది. నేల నుంచి అడుగున్నర. ఊచల ఎడం కూడా అదే.

"ఎవరిది అన్నకాడ కంపెనీ పేరు ఉండాలె" అన్నాడు బాపురావు. "ఎల్లన్న అనే కంపెనీ పుణెవాళ్ల లిస్టుల లేదు. లిస్టుల లేకపోతే తెల్వది అని రాయమని రూల్ పెట్టింది ఎవరు? ఈయననే! అరే బాబా, తెల్వది అని రాయి, అయిపోతది!"

మా మరిది తల ఎత్తలేదు. "తెలిసి తెల్వదని ఎట్ల రాస్త సార్?"

షెరిన్ ఊరుకోలేదు. "నా బేసిన్‌కు నా పేరు తీసేసినప్పుడు ఈ మాట యాదికి రాలేదా అన్నా?"

"నువ్వున్నవు కద షెరిన్. రేపు ఇంకో బేసిన్ చేస్తవు."

షెరిన్ తన కుర్చీని అతని కుర్చీ పక్కకు జరుపుకుంది.

"దాన్నే తీసేస్తే?" అన్నాడు బాపురావు, ఈసారి గొంతు తగ్గించి. "ఏ ఇంటికీ వాడని కిటికీ ఉండి ఏం లాభం?"

"వాడుతున్నం సార్." మా మరిది గొంతు కూడా తగ్గింది. "వాడకుండ పడి ఉన్నవాటిని పనికిరానివని ఒక్క బటన్‌తోటి అన్నీ ఊడ్చేస్తరు. అందుకని..."

"అందుకని?"

"ప్రతి బిల్డింగుల ఒక్కకాడ పెట్టిన."

బాపురావు కుర్చీలోంచి సగం లేచాడు. "ప్రతి బిల్డింగులనా! ఎక్కడ?"

"వాచ్‌మన్ గదికి."

"నేనెట్ల చూడలే?"

"వాచ్‌మన్ గది పేజీ మీరు ఎన్నడు తెరవలే సార్. మీరే కాదు, ఎవరు తెరవరు. అద్దాల బిల్డింగు ముంగట అగ్గిపెట్టె అసొంటి గది కడతరు. నలభై ఏడు డిగ్రీల ఎండల అండ్ల మనిషిని కూసోబెడుతరు. కిటికీ ఎక్కడుండాలెనో ఎవరికి పట్టదు. పొద్దంత కూసునే మనిషికి కూసున్న ఎత్తుకు గాలి రావాలె కద. అన్న కిటికీ ఎందుకు కిందికున్నదని వదినెను అడిగిన. వదినె చెప్పలే. గందుకే నేనే కింద కూసొని చూసిన. సమజైంది."

వాకిట్లోకి విసిరిన టేపు నా కళ్ల ముందు దొర్లుకుంటూ పోయింది.

"ఎన్ని?" అని మాత్రం అడిగాను.

"బొమ్మలేసినవి ముప్పై ఒకటి వదినె. కట్టినవి పదకొండు."

బాపురావు కళ్లద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తిట్టడానికి నోరు తెరిచి, చివరికి అడిగింది ఇది: "మన ఆఫీసు కింద వాచ్‌మన్ గదికి కూడనా?"

"దానికి అసలు కిటికీనే లేదు సార్. అది నేను రాకముందుది."

గడియారం మూడు ముప్పావు చూపిస్తోంది. నాకు కంప్యూటరు తెలియదు గానీ లిస్టులు తెలుసు. రేషను కార్డులో నా పేరు మూడుసార్లు పోయింది, మూడుసార్లు ఎక్కించుకున్నాను.

"లిస్టుల పేరు లేకుంటే ఎక్కియ్యనీకి ఫారం ఉంటది కద?" అన్నాను. "రేషనుకున్నది, ఓటుకున్నది. పుణెవాళ్లకు ఉండదా?"

"ఉన్నది" అన్నాడు మా మరిది. "నూట ముప్పై తొమ్మిదో పేజీ."

ఆఫీసులో కుర్చీలన్నీ ఒక్కసారి అతని వైపు తిరిగాయి.

"అరే, తెలిసి కూడ ఎందుకు నింపలే?" బాపురావు అరిచాడు.

"చేసినోడు లేకుంటే ఇంటోళ్ల సంతకం కావాలె సార్. తమ్ముని సంతకం నడువదట, భార్యది కావాల్నట." నా వైపు చూడకుండా అన్నాడు. "వదినెను అడగనీకి భయమైంది. పోయినసారి టేపు విసిరింది."

నేను నవ్వానో ఏమైందో తెలియదు. కొంగు మాత్రం తడిసింది. "షెరిన్, తియ్యి ఆ ఫారం" అన్నాను.

షెరిన్ చదువుతూ పోయింది, నేను చెప్తూ పోయాను.

"సంస్థ పేరు?"

"ఎల్లన్న."

"చిరునామా?"

"ఇంటెన్క రేకుల షెడ్డు, దుర్గాపూర్."

"పనివాళ్లు ఎందరు?"

"ఒక్కడు. నన్ను రాస్తే ఇద్దరం. అది ఇయ్యి అంటే ఇచ్చెటి పని నాది."

"గిరాకీల నుంచి ఫిర్యాదులు?"

"మస్తున్నయి. చెప్పిన దినానికి ఎన్నడియ్యలే."

"అది రాయకు!" అన్నాడు బాపురావు.

"రాయాలె సార్" అన్నాడు మా మరిది. "ఫారంల అడిగిండ్రు కద."

చివర మూడు గడులున్నాయి. సరుకు వస్తున్నది. సరుకు కొన్నాళ్లు ఆగింది. మూడో దాన్ని షెరిన్ మెల్లగా చదివింది: "సరుకు ఇగ రాదు, కొలత మాత్రం ఉంటది." వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలట.

"మూడోదానికి పెడితే ఆ పేరును ఇగ ఎవరు మార్చరాదు వదినె, తియ్యరాదు" అన్నాడు మా మరిది. "పుస్తకంల ఉన్నది. నూట నలభయ్యో పేజీ."

రెండేళ్లుగా నేను రెండో గడిలోనే ఉన్నాను. షెడ్డు తాళం తీయలేదు. ఆ రోజు రంపం ఎక్కడ పెట్టానో అక్కడి నుంచి కదపలేదు. షెరిన్ నా ముఖం వంక చూస్తూ కూర్చుంది. బాపురావు గడియారం వంక చూడడం మానేసి నేల వంక చూశాడు.

"మూడోదానికి పెట్టు బిడ్డా" అన్నాను.

కాగితం తీసిచ్చారు. ఇంటిపేరు రాసి, పక్కన సత్తమ్మ అని సంతకం పెట్టాను. మా మరిది వంగి చూసి, "వదినె, నీ పేరుకు ఇంటిపేరుకు నడుమ గీత..." అన్నాడు.

"నోరు ముయ్యి."

మూసుకున్నాడు.

ఫారం పోయిన అరగంటకు పుణె నుంచి జవాబు వచ్చింది. చదివింది కంప్యూటరు కాబట్టి సరిపోయింది, మనుషులైతే ఉపసంఘం వేసేవాళ్లు. నాలుగూ యాభై రెండుకు ఎర్ర బొట్టు పచ్చగా మారింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. బాపురావు సమోసాలు తెమ్మని కేకేశాడు.

"సమోసా, గీత, ఆలుగడ్డ..." అని మొదలుపెట్టాడు మా మరిది.

"తిననీ రే!" అన్నాడు బాపురావు. తర్వాత రెండు సమోసాలు పొట్లం కట్టించి, కింద వాచ్‌మన్‌కు ఇవ్వడానికి తానే మెట్లు దిగాడు. ఆ గదిలోకి అడుగు పెట్టడం ఆయనకు కూడా అదే మొదటిసారట. రెండు నిమిషాల్లో చెమటలు కక్కుకుంటూ పైకొచ్చి, "తిరుమల్, సోమవారం కింద గోడ కొట్టు. ఆ కిటికీ పెట్టు" అన్నాడు.

"ఏ కిటికీ సార్?" అన్నాడు మా మరిది. బాపురావు పూర్తి పేరు చెప్పేదాకా వదల్లేదు.

ఆదివారం నేను, వనిత, చంకలో పాప, ముందు డ్రైవరు పక్కన మా మరిది, ఆటోలో బయల్దేరాం. ఆ పదకొండిట్లో ఒకటి నాగపూర్ రోడ్డులో ఉందట. నాలుగంతస్తుల అద్దాల బిల్డింగు, గేటు పక్కన చిన్న గది.

"వదినె, ఎడమ దిక్కు చూడు" అన్నాడు.

"ఏది?" అన్నాను.

వనితా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇక కిటికీ, గీత, రెండు రెక్కలు, గీత అని మొదలవుతుంది, అయ్యేసరికి ఆటో బిల్డింగు దాటిపోతుంది. మా మరిది వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆగాడు. వేలు చాపాడు.

"అది."

అచ్చం వాళ్ల అన్న అన్నట్టే అన్నాడు.

ఆటో ఆగింది. రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల చాప మీద ఒక ముసలాయన, చొక్కా గుండీలు విప్పుకుని, కిటికీ అంచు మీద చెయ్యి, చేతి మీద తల పెట్టుకుని, గాలికి హాయిగా గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. రోడ్డు మీద పోయే ప్రతి మనిషికీ ఆ నిద్ర ముక్కులోని వెంట్రుకలతో సహా కనబడుతోంది.

"మీ అన్న కిటికీ ఈ తాత నౌకరి తీసేటట్టున్నది" అంది వనిత.

మా మరిది అప్పటికే జేబులోంచి టేపు తీశాడు. "నిజమే, ఒక తెర కావాలె. తెర, గీత, జారుడుది, గీత, వెదురు, గీత..."

"ఊకో" అన్నాను. ఈసారి టేపు విసిరేయలేదు, అతని చేతిలోంచి తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను. "ఏం పెట్టకు. అదే మంచిగున్నది."